హైలాండ్స్ చలిలో అద్దె వ్యాన్: బండి మంచిదే, హీటర్ సంగతే సగం చెప్పారు

మా అమ్మాయి స్కూలు సెలవులు అక్టోబరు చివర్లో వచ్చాయి కాబట్టి ఎన్‌సీ 500 (నార్త్ కోస్ట్ 500)కి ఆ చలిలోనే బయల్దేరాం. ఇన్వర్నెస్‌లో మొదలై స్కాట్లాండ్ ఉత్తర కొస అంతా చుట్టి మళ్లీ అక్కడికే వచ్చే 516 మైళ్ల రోడ్డు. వ్యాన్ అక్కడే ఒక చిన్న కంపెనీలో ఆరు రాత్రులకి తీసుకున్నాం, లోపలే వండుకుని పడుకునే, పైకప్పు లేచే ఫోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్. కంపెనీ పేరు రాయను, చివరికి మర్యాదగానే సర్దుకున్నారు.

తాళాలిస్తూ అబ్బాయి పది నిమిషాల్లో అన్నీ చూపించేశాడు. హీటర్ సంగతి అడిగితే "డీజిల్ ట్యాంకు నుంచే తీసుకుంటుంది, రాత్రంతా వేసుకోండి" అన్నాడు. మంట డీజిల్‌దే, కానీ దాని ఫ్యానూ పంపూ నడిచేది వెనకున్న రెండో బ్యాటరీ మీద, పైగా వెలిగేటప్పుడు కరెంటు బాగా లాగుతుంది. ఫ్రిజ్జూ దానిమీదే, లైట్లూ దానిమీదే, మా ఫోన్లూ దానిమీదే. రెండో రోజు వాన వదల్లేదు, టొరిడాన్ నుంచి గెయిర్‌లాక్ దాకా గంట కూడా నడపలేదు, ఇంక బ్యాటరీ ఎక్కడ నిండుతుంది? క్యాంప్‌సైట్‌లో కరెంటు పాయింటున్న చోటుకి డబ్బులెక్కువని మామూలు చోటు తీసుకున్నాం (ఆ కక్కుర్తి నాదే). రాత్రి రెండింటికి హీటర్ రెండుసార్లు టిక్కుమని ఆగిపోయింది. పైన గుడ్డ గోడల మధ్య పడుకున్న నాకు ముక్కు మొద్దుబారి మెలకువ వచ్చింది. కింద తల్లీకూతుళ్లు ఉన్న దుప్పట్లన్నీ లాక్కుని హాయిగా పడుకున్నారు.

పొద్దున్నే ఫోన్ చేస్తే "ఫ్రిజ్ ఆపేయండి, ఈ చలిలో దాంతో పనేముంది" అన్నారు. నిజమే, పాలు సీటు కింద పెడితేనే చల్లగా ఉన్నాయి. ఆ ముక్క తాళాలిచ్చేటప్పుడే చెప్పొచ్చుగా! తర్వాత ప్రతి రాత్రీ కరెంటు పాయింట్ ఉన్న చోటే ఆగాం, మళ్లీ ఇబ్బంది రాలేదు. కాకపోతే అక్టోబరు అయ్యేసరికి చాలా క్యాంప్‌సైట్లు మూసేస్తారు, ముందే ఫోన్ చేసి వెళ్లండి. ఎక్కడైనా ఆపి పడుకోవచ్చని మనవాళ్లు చెబుతుంటారు గానీ, స్కాట్లాండ్‌లో ఆ హక్కు టెంటుకే, బండికి కాదు.

అసలు కష్టం చలి కాదు, చెమ్మ. కుక్కర్‌లో పప్పు పెడితే మూడో విజిల్‌కి అద్దాలన్నీ మసకబారిపోయాయి, రాత్రి ముగ్గురి ఊపిరీ కలిసి తెల్లారేసరికి అద్దాల మీంచి నీళ్లు ధారగా కారి సీట్లోకి దిగాయి. ఒక పాత తువ్వాలు రోజూ దానికే సరిపోయింది. తడిసిన జాకెట్లు ఆరేయడానికి వ్యాన్లో ఒక్క కొక్కెం లేదు, స్టీరింగుకి తగిలించాం. పోపు మాత్రం పెట్టలేదు, లోపల వంట వాసన పడితే శుభ్రం చేసే ఖర్చు డిపాజిట్‌లో కోస్తామని ఒప్పందంలో ఉంది. ఆరు రోజులు ఇంగువ లేని పప్పు తిన్నాం.

నడపడానికి మాత్రం బంగారం. ఆటోమేటిక్ గేర్లు, కొత్త టైర్లు, వానలో కూడా రోడ్డు పట్టు వదల్లేదు. ఒకే బండి పట్టే రోడ్లలో ఎదురొచ్చిన వాళ్లకి దారివ్వడానికి వెనక్కి వెళ్లాలి, వెనక కెమెరా మీద మాత్రం ఎప్పుడూ బురదే. యాపిల్‌క్రాస్‌కి వెళ్లే బెలాఖ్ నా బా కనుమ మొదట్లోనే పెద్ద బోర్డుంది, ఎత్తు 2,053 అడుగులు, ఐదుకి ఒకటి వాలు, పెద్ద బండ్లకి మంచిది కాదని. మాది అంత పెద్దది కాదు గానీ పైన మబ్బు చూసి మా ఆవిడ "వద్దండీ" అంది, షీల్డెయిగ్ వైపు తిప్పేశాను.

బండి తిరిగిచ్చినప్పుడు అబ్బాయి తలుపు తీసి ముందు వాసన చూశాడు. డిపాజిట్ మొత్తం ఇచ్చారు, హీటర్ ఆగిన రాత్రి అద్దె కూడా వెనక్కిచ్చారు. 5కి 3.5. ఆ అర మార్కు దుప్పట్లకి, నాకు దక్కకపోయినా.