స్థలం అమ్మేస్తున్నారని అనుమానమొస్తే ఏది మేలు: రిజిస్ట్రార్‌కు అర్జీయా, పోలీసు కేసా, కోర్టు ఇంజంక్షనా?

గుంటూరు పక్కన గోరంట్లలో మా మేనత్త పేరున ఉన్న 300 గజాల స్థలాన్ని ఎవరో బేరం పెట్టారని పోయినేడాది కబురొచ్చింది. అమ్ముతానంటున్న మనిషి దగ్గర అత్తయ్య సంతకంతో జీపీఏ (ఆమె తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) ఉందట. ఆవిడ ఏనాడూ ఎవరికీ జీపీఏ రాసివ్వలేదు. ఆ రాత్రి ఇంట్లో తలో మాటా అన్నారు. రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెడదామని బాబాయి, పోలీసు కంప్లైంట్ ఇద్దామని బావ, కోర్టుకెళ్లి ఇంజంక్షన్, అంటే అమ్మకుండా ఆపే ఆర్డర్, తెచ్చుకుందామని నేను. చివరికి మూడూ చేశాం.

అర్జీకి ఖర్చు లేదు, ఒక్క పూట పని. కానీ అందులో ఏం రాశామన్నదే ముఖ్యం. రిజిస్ట్రేషన్ రూల్స్‌లో 58వ రూలు ప్రకారం, అమ్మేవాడికి హక్కు లేదన్న అభ్యంతరాన్ని సబ్ రిజిస్ట్రార్ విచారించనక్కర్లేదు. వచ్చినవాడు అసలు మనిషి కాదనో, కాగితం ఫోర్జరీ అనో, ప్రతినిధినని వచ్చినవాడికి ఆ అధికారం లేదనో రాస్తే మాత్రం పట్టించుకోవాలి. మేం మొదట ‘అతనికి అమ్మే హక్కు లేదు’ అని రాసిచ్చాం. మర్నాడు ప్లీడరు గారు అది చూసి, ఫోర్జరీ మాట ముందుకు తెచ్చి మళ్లీ రాయించారు. ఇచ్చిన కాపీ మీద ముద్ర వేయించుకోండి. అయినా అర్జీ ఎవరి చేతులూ కట్టెయ్యదు. రిజిస్ట్రేషన్ జరిగిపోతే ఆ దస్తావేజు రద్దుకు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 31వ సెక్షన్ కింద దావా వేసుకోవాలి, అదీ మోసం తెలిసిన 3 ఏళ్లలోపు.

పోలీసు కేసుతో స్థలం ఆగదు. ‘ఇది సివిల్ తగాదా’ అని పంపేసే అవకాశమూ ఎక్కువే. అయితే దొంగ జీపీఏ అసలు కాగితం స్వాధీనమై, సంతకం పరీక్షకు వెళ్లాలంటే ఈ దారి పనికొస్తుంది. అందుకోసమే ఇచ్చాం.

నిజంగా అడ్డుపడేది ఇంజంక్షనే. దావాలో ఉన్న ఆస్తిని పార్టీల్లో ఎవరైనా అమ్మేసే ప్రమాదముంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్ కింద కోర్టు ఆపుతుంది. జడ్జిగారు మూడు చూస్తారు: పైకి చూడగానే మన కేసులో బలముందా, ఆర్డర్ ఇస్తే ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టమా. మామూలుగా అవతలివాళ్లకు నోటీసు వెళ్లాకే వింటారు. అంతవరకు ఆగితే స్థలం పోతుందని చూపించగలిగితే, కారణాలు రాసి, నోటీసు లేకుండానే ఇస్తారు. అందుకే ఆలస్యం చెయ్యొద్దు. బేరం సంగతి తెలిసీ రెండు నెలలు ఊరుకున్నవాళ్లు అర్జెంటు అంటే ఏ కోర్టు నమ్ముతుంది? మేం లింకు దస్తావేజులు (పాత హక్కు పత్రాలు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం), పన్ను రసీదులతో నాలుగో రోజే దావా వేశాం.

ఇక్కడ తడబడే చోట్లు రెండున్నాయి. ఒకటి, వట్టి ఇంజంక్షన్ దావా. మన హక్కు మీదే మబ్బు కమ్మినప్పుడు హక్కు ప్రకటన (ఆస్తి మనదేనని కోర్టు తేల్చి చెప్పడం) కూడా అడగాలని అనాతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. రెండోది నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. ‘యథాతథ స్థితి’ అని మాత్రం ఆర్డర్ వస్తే అది స్వాధీనం గురించా, అమ్మకం గురించా అని తర్వాత వాదులాట మొదలవుతుంది. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, మూడో మనిషికి ఏ హక్కూ కల్పించకూడదు అని పిటిషన్‌లోనే విడివిడిగా అడిగించండి. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీని మీరే తీసుకెళ్లి సబ్ రిజిస్ట్రార్‌కు ఇవ్వండి. ఆర్డర్ ధిక్కరిస్తే ఆస్తి జప్తు, 3 నెలల దాకా సివిల్ జైలు ఉంటాయి.

దావా నడుస్తుండగా కొన్నవాడు తీర్పుకు ఎలాగూ కట్టుబడాలి కదా, ఇంజంక్షన్ ఎందుకని బావ అడిగాడు. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ అనేది అదే, నిజమే. కానీ మన దావా సంగతి కొనేవాడికి ఈసీలో కనబడకపోతే? డబ్బు కట్టి, ఇల్లు కట్టి కూర్చున్నవాణ్ణి లేపాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఆలోచించండి. కేవియట్ (మమ్మల్ని కూడా వినండని కోర్టులో ముందుగా వేసే అర్జీ) వేస్తే అమ్మకం ఆగుతుందనుకునేవాళ్లూ ఉన్నారు, ఆగదు. మన వాదన వినకుండా ఆర్డర్ రాకుండా 90 రోజులు కాపాడుతుంది, అంతే.

అమ్మేవాడు తోడబుట్టినవాడైతే లెక్క మారుతుంది. ఉమ్మడి ఆస్తిలో వాటా ఉన్నవాడి సంతకం ఫోర్జరీ కాదు కాబట్టి అర్జీ, పోలీసు కేసు రెండూ నిలబడవు. భాగపరిష్కార దావా (వాటాలు పంచమని అడిగేది) వేసి, అందులో ఇంజంక్షన్ అడగడమొక్కటే దారి.

మా ఆర్డర్ కాపీ చూడగానే కొనబోయినాయన బేరం వదులుకున్నాడు. దావా ఇంకా నడుస్తోంది. బావ ప్రతి నెలా ఈసీ తీసి అత్తయ్యకు చూపిస్తున్నాడు.