బరువు తూచుకుని బయల్దేరండి: తిరుపతి నుంచి మసాయి మారాకు కెమెరాలతో

కెన్యాలోని మసాయి మారా వన్యప్రాణి రిజర్వుకు సఫారీ అనగానే మనవాళ్లు ముందుగా అడిగేది "ఏ లాడ్జి బాగుంటుంది?" అని. పెద్ద లెన్సులు మోసుకెళ్లేవాళ్లు మాత్రం ముందు సామాను బరువు, ఆ తర్వాత బండి చూసుకోవాలి. గది సంగతి చివర్న చూసుకోవచ్చు. ఆ రెండూ కుదిరితే మామూలు టెంటులో పడుకున్నా మంచి ఫొటోలు వస్తాయి. కుదరకపోతే ఎంత ఖరీదైన గదిలో దిగినా సింహాన్ని పక్కవాళ్ల భుజం మీదుగా చూడాల్సిందే.

బరువు లెక్క ఇంట్లోనే తేలిపోవాలి. ఎకానమీ టికెట్ మీద చాలా విమాన సంస్థలు కేబిన్‌లోకి 7 కిలోలే రానిస్తాయి. మన విమానాశ్రయాల్లో చేతిసంచి కూడా ఒక్కటే. రెండు కెమెరా బాడీలు కిలోన్నర, 200-600 ఎంఎం దూరపు లెన్సు 2.1 కిలోలు, 70-200 ఎఫ్4 ముప్పావు కిలో పైన, 24-105 దాదాపు 700 గ్రాములు, బ్యాటరీలు, ఛార్జరు, కార్డులు, ఎస్‌ఎస్‌డీలు (ఫొటోలు దాచే చిన్న డ్రైవులు) కలిపి 800 గ్రాములు, ల్యాప్‌టాప్ దాని అడాప్టరుతో 1.8 కిలోలు, ఖాళీ బ్యాగు మరో 1.8. మొత్తం తొమ్మిదిన్నర కిలోలు. ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలేసి, ఒక బాడీకి 24-105 తగిలించి మెడలో వేసుకుంటే బ్యాగు 6.3 కిలోలకు దిగుతుంది. చక్రాల బ్యాగు ఖాళీగానే మూడు కిలోలు తూగుతుంది కాబట్టి దాని జోలికి పోవద్దు. 600 ఎఫ్4 లాంటి లెన్సు ఒక్కటే మూడు కిలోలు. అది తీసుకెళ్తే 200-600 ఇంట్లో ఉండాల్సిందే.

ల్యాప్‌టాప్ లేకపోతే ఫొటోల భద్రత ఎలా అంటారా? కెమెరాలో రెండు కార్డు స్లాట్లు ఉంటే రెండింటిలోనూ ఒకేసారి రాసేలా పెట్టుకోండి. రాత్రికి యూఎస్‌బీ-సీ హబ్బుతో ఫోను ద్వారా ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేయండి. ఈ పని ఇంట్లో ఒకసారి చేసి చూసుకోవాలి. కొన్ని ఫోన్లు ఎస్‌ఎస్‌డీకి చాలినంత కరెంటు ఇవ్వలేక కాపీ మధ్యలో ఆగిపోతాయి. ఒక్కో రా ఫైలు (కెమెరా కుదించకుండా ఇచ్చే ఫొటో) 25 ఎంబీ అనుకున్నా, రోజుకు మూడు వేల ఫొటోలు తీస్తే 75 జీబీ. వారానికి 1 టీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు చాలు. ఒకటి బ్యాగులో, ఒకటి జేబులో.

విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెకిన్ సామానులో పెట్టకూడదు, కేబిన్‌లోకే తీసుకెళ్లాలి. ఒక్కోటి 100 వాట్ అవర్లు దాటకూడదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 3.7 వోల్టులతో హెచ్చిస్తే 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. కెమెరా బ్యాటరీలు ఒక్కోటి 16 దగ్గర ఉంటాయి. వాటి మొనలకు టేపు అంటించండి, లేదా మూత పెట్టండి.

ట్రైపాడ్ వద్దు. బండిలో దాన్ని విప్పే చోటు ఉండదు, జంతువుల దగ్గర కిందకు దిగనివ్వరు. దానికి బదులు బీన్‌బ్యాగ్, అంటే లెన్సు ఆనించే గింజల సంచి. తిరుపతిలో ఏ టైలరు దగ్గరైనా పాత జీన్స్ గుడ్డతో కుట్టించుకోవచ్చు. ఒక్కోటి అడుగు పొడవున్న రెండు సంచులు, మధ్యలో జానెడు పట్టీ. బండి తలుపు మీద జీనులా వేస్తే ఒక సంచి లోపలికి, ఒకటి బయటికి వేలాడుతుంది. లోపలి సంచికి గట్టి జిప్పు, జిప్పు మీద గుడ్డ మడత తప్పనిసరి. ఇక్కడి నుంచి ఖాళీగా మడిచి చెకిన్ బ్యాగులో వేయండి. నైరోబీలోనో, మారా దారిలోని నారోక్ పట్టణంలోనో సూపర్ మార్కెట్‌లో మూడు కిలోల బీన్స్ గింజలు కొని నింపండి. ముప్పాతిక వంతే నింపాలి. బిగుతుగా కుక్కితే లెన్సు పైన దొర్లుతుంది. వదులుగా ఉంటే గింజలు పక్కకు జరిగి లెన్సు గుంటలో కూర్చుంటుంది. తిరుగు ప్రయాణంలో ఆ గింజలు క్యాంపు వంటగదికి ఇచ్చేయండి. గింజలకు ప్లాస్టిక్ కవర్లు వాడొద్దు. తిరుమల కొండ మీద ఉన్నట్టే కెన్యాలోనూ ప్లాస్టిక్ సంచులపై నిషేధం ఉంది, 2017 నుంచి అమల్లో ఉంది.

ఇక దారి. తిరుపతివాళ్లకు చెన్నై దగ్గర, చిత్తూరువాళ్లకు పలమనేరు, కోలారు మీదుగా బెంగళూరు కూడా అందుబాటులోనే ఉంటుంది. రేణిగుంటలో విమానమెక్కి హైదరాబాద్ మీదుగా పోవాలనుకుంటే రెండు చిక్కులు. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం పడితే తల పైనున్న అర చిన్నది, కెమెరా బ్యాగును ద్వారం దగ్గరే తీసుకుని కింద వేసేయొచ్చు. పైగా టికెట్లు విడివిడిగా ఉంటే దేశీయ విమానపు తక్కువ బరువు పరిమితే వర్తిస్తుంది. కారులో నేరుగా చెన్నైకి పోవడమే మేలు. మార్గంలో నగరి, తిరుత్తణి దగ్గర రద్దీ ఉంటుంది, రెండు గంటలు ఎక్కువ పెట్టుకోండి.

చెన్నై వెళ్లే పని ముందే ఒకసారి ఉంటుంది. ఎల్లో ఫీవర్ టీకా గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. రోజులు, సమయం కనుక్కుని పోవాలి. టీకా కార్డు చెల్లుబాటు టీకా వేసిన పది రోజుల తర్వాతే మొదలవుతుంది, ఆపైన జీవితాంతం. అది లేకుండా కెన్యా నుంచి దిగితే మన దేశంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కార్డు మీద పాస్‌పోర్టు నంబరు ఒక అంకె తప్పినా అక్కడికక్కడే దిద్దించుకోండి. కెన్యాకు వీసా స్థానంలో 2024 జనవరి నుంచి ఈటీఏ (ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి) వచ్చింది, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి.

కస్టమ్స్ పని చాలామంది వదిలేస్తారు, అదే తిరిగొచ్చేటప్పుడు తలనొప్పి. వెళ్లేరోజు సామాను చెకిన్ చేయకముందే కస్టమ్స్ కౌంటరులో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ అడగండి. ప్రతి బాడీ, లెన్సు పేరు, సీరియల్ నంబరు, విలువ రాసిన జాబితా రెండు కాపీలు, బిల్లుల నకళ్లు దగ్గర పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది. ఇవి ఇక్కడి నుంచే తీసుకెళ్లినవని చెప్పే కాగితం అదొక్కటే. నైరోబీలో దిగాక అక్కడి కస్టమ్స్‌వాళ్లు ఇన్ని కెమెరాలేమిటని ఆపినా ఆ జాబితా అక్కరకొస్తుంది. డ్రోన్ మాత్రం ఇంట్లో వదలండి. అక్కడ ముందస్తు అనుమతి కావాలి, జాతీయ పార్కుల్లో ఎగరేయనివ్వరు. మిలటరీ మచ్చల దుస్తులు కూడా కెన్యాలో సామాన్యులు వేసుకోకూడదు. మన అడవుల్లో ఫొటోలు తీసేవాళ్లకు ఆ చొక్కాలంటే మక్కువ, అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఖాకీ, బూడిద రంగు చాలు.

నైరోబీ నుంచి మారాకు విమానమా, రోడ్డా? విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో ముప్పావు గంట, గంట. కానీ చేతిసంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి సంచుల్లోనే. కెమెరాలకే ఏడెనిమిది పోతే బట్టలకు మిగిలేది తక్కువ. అదనపు బరువుకు ఇంకో సీటు కొనాలి. రోడ్డు మీద నారోక్ మీదుగా ఐదారు గంటలు పడుతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లకు కష్టమే. అయినా బరువు బాధ లేదు, అదే బండి అదే గైడు చివరిదాకా ఉంటారు. కెమెరాలు ఎక్కువుంటే రోడ్డే సరైనది.

బండి విషయంలో ఖర్చుకు వెనకాడొద్దు. ఏడుగురు కూర్చునే వ్యాను చవక, కానీ మారాలో నేల నల్లరేగడి. ఒక వాన పడితే మన కడప జిల్లా చేలల్లాగే చక్రాలకు ముద్దలు కడుతుంది, వ్యాను దిగబడుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ల్యాండ్‌క్రూజర్ తీసుకోండి, అందులో ముగ్గురికి మించొద్దు, వరుసకొకరు. అప్పుడే సింహం ఎడమ నుంచి కుడికి దాటినా అందరూ రెండు వైపులా తిరగగలరు. బుక్ చేసేముందు కిటికీ అద్దాలు పూర్తిగా జరుగుతాయా, ఛార్జింగుకు ఇన్వర్టరు ఉందా, రోజుకు కిలోమీటర్ల పరిమితి ఉందా, పొద్దుటి టిఫిన్ పొట్లం కట్టిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. పైకి లేచే కప్పు అందరికీ నచ్చుతుంది, కానీ అక్కడ నుంచి తీస్తే జంతువు వీపు కనిపిస్తుంది. కంటి ఎత్తులో కావాలంటే కిటికీయే. ఫొటో తీసేటప్పుడు ఇంజిను ఆపించండి. దాని అదురు తలుపులోంచి బీన్‌బ్యాగు దాకా వస్తుంది.

చోట్ల మాటకొస్తే, ఆరు రోజుల్లో మూడు పార్కులు చుట్టే ప్యాకేజీలు ఫొటోలవాళ్లకు పనికిరావు. సగం రోజులు రోడ్డు మీదే పోతాయి. మారాకు కనీసం నాలుగు రాత్రులు ఇవ్వండి. రిజర్వు టికెట్ విదేశీయులకు జనవరి-జూన్‌లో 100 డాలర్లు, జూలై-డిసెంబరులో 200 డాలర్లు, ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా చెల్లుతుంది. రిజర్వు తూర్పు వైపు సెకెనానీ గేటు బయట చవక క్యాంపులున్నాయి, కానీ అక్కడి నుంచి మారా నది రేవులకు పోవడానికే బంగారంలాంటి పొద్దుటి వెలుగు కరిగిపోతుంది. జూలై-అక్టోబరు మధ్య వైల్డీబీస్టులు (గుంపులుగా వలసపోయే దుప్పి లాంటి జంతువులు) నది దాటడం చూడాలంటే రిజర్వు లోపలో, నదికి పడమటనున్న మారా ట్రయాంగిల్ భాగం పక్కనో దిగండి. సింహం, చిరుత, చీతా లాంటి పిల్లిజాతి జంతువులే ముఖ్యమైతే ఓలారే మోటోరోగి, నాబోయిషో లాంటి కన్సర్వెన్సీలు (రిజర్వు పక్కనే ఉన్న ప్రైవేటు రక్షిత ప్రాంతాలు) ఎక్కువ ఫలితమిస్తాయి. అక్కడ ఆ క్యాంపుల అతిథులకే ప్రవేశం, బండ్లు తక్కువ, దారి వదిలి పోనిస్తారు, రాత్రి తిప్పుతారు. ఖరీదెక్కువ, అయినా ఆ డబ్బు వృథా కాదు.

కెన్యాలోని ఇంకో పార్కు అంబోసెలీకి పోయేది ఏనుగుల కోసం, వెనక కనిపించే 5,895 మీటర్ల కిలిమంజారో కొండ కోసం. కొండ పొద్దున్నే కనిపించి తర్వాత మబ్బుల్లోకి పోతుంది, కాబట్టి రెండు రాత్రులు. అక్కడి దుమ్ము తెల్లగా, విభూతిలా మెత్తగా ఉంటుంది. లెన్సు ట్యూబు ముందుకు పొడుచుకొచ్చే జూములు ఆ దుమ్మును తిత్తిలా లోపలికి పీలుస్తాయి. 200-600, 180-600 లాంటివి బయటకు పెరగవు, అక్కడ అవే నయం. బండిలో లెన్సు మార్చకండి, రెండు బాడీలు అందుకే. సాయంత్రం గాలి ఊదే బల్బుతో ముందు దుమ్ము పోగొట్టి, ఆ తర్వాతే గుడ్డ తాకించండి. వరస మారితే గాజు మీద గీతలు పడతాయి.

క్యాంపుల్లో కరెంటు కొన్ని గంటలే ఉండొచ్చు. అక్కడ మూడు చదరపు మొనల ప్లగ్గు, మనవి దూరవు. అడాప్టర్లు నాలుగైదు కొనకండి, ఒక్క అడాప్టరు, ఇంటి ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్తే చాలు. శాకాహారం ముందే చెప్తే చేసిపెడతారు, చపాతీ అక్కడా దొరుకుతుంది. పొద్దున హార్స్‌లీ హిల్స్ చలికాలంలా ఉంటుంది, స్వెట్టరు మర్చిపోవద్దు. పది దాటాక నేల నుంచి లేచే వేడి గాలి దూరపు ఫొటోలను అలలుగా చేస్తుంది. ఎంత మంచి లెన్సయినా దాన్ని ఆపలేదు, దగ్గరగా పోవడమో విశ్రాంతి తీసుకోవడమో మార్గం.

బయల్దేరేముందు ఒక శీతాకాలపు ఉదయం పులికాట్‌లో ఫ్లెమింగోల మీద, నేలపట్టులో ఎగిరే గూడబాతుల మీద ఆ పెద్ద లెన్సుతో, కారు కిటికీ మీద బీన్‌బ్యాగు వేసి సాధన చేయండి. ఫోకస్ మీటలు చూడకుండా చేతికి అందాలి. చీతా పరుగందుకున్నాక మెనూలు వెతికే టైముండదు.