కారులో వస్తువుల భద్రతకి కొన్నవి: ఏవి పనికొచ్చాయి, ఏవి మూలన పడ్డాయి

కారు భద్రత పేరుతో అమ్మే సరుకులో ఎక్కువ భాగం ఆపి ఉన్న కారు కోసమే. రాత్రంతా బయట నిలబడ్డ బండిని ఎవరూ ఎత్తుకుపోకుండా తాళాలు, అలారాలు, ట్రాకర్లు బోలెడున్నాయి. కానీ మనం బండిలో ఉండగానే, సిగ్నల్ దగ్గరో, బంకులోనో, ఎవరినో ఎక్కించుకోవడానికి పక్కకి ఆపిన చోటో, సీటు మీది బ్యాగు మాయమయ్యే దొంగతనాలకి వీటిలో చాలావాటితో సంబంధమే లేదు. ల్యాప్‌టాప్, కెమెరా, కాగితాలు వెంటపెట్టుకుని తిరిగే పని నాది, అందుకే ఈ రెండో రకం టెన్షనే నాకు ఎక్కువ. సీటు కింద పెట్టే ఇనప పెట్టె, కీ వేసుకునే, దాని సిగ్నల్‌ని ఆపే సంచి, స్టీరింగ్ లాక్, ట్రాకర్, డ్యాష్‌క్యామ్, అద్దాల ఫిల్మ్, ఇవన్నీ కొని వాడాను. కంపెనీల పేర్లు రాయడం లేదు, ఒకే సరుకు పది పేర్లతో దొరుకుతోంది కాబట్టి ఏం చూసి కొనాలో చెబితేనే మీకు ఉపయోగం.

అన్నిటికంటే నాకు నచ్చింది సీటు కింది పెట్టె. పుస్తకమంత సైజులో ఉండే పల్చటి ఉక్కు పెట్టె, దానికో ఉక్కు కేబుల్, ఆ కేబుల్‌ని సీటు కింది ఫ్రేముకి చుట్టి పెట్టెకి తగిలిస్తాం. పర్సు, పాస్‌పోర్టు, హార్డ్ డిస్కు, నగదు, చిన్న కెమెరా పడతాయి. ల్యాప్‌టాప్ పట్టే పెద్దవి కూడా ఉన్నాయి గానీ అవి చాలా కార్లలో సీటు కింద దూరవు, కొలత తీసుకోకుండా కొనకండి, సీటుని పూర్తిగా కిందికి దించి, ముందుకీ వెనక్కీ జరిపి మరీ కొలవండి. దొంగ దీన్ని తెరవలేడా అంటే తెరవగలడు. చేతిలో కటింగ్ ప్లేయర్ లాంటిది పెద్దదుంటే కేబుల్ తెగుతుంది, పెట్టెని తీసుకుపోయి తీరిగ్గా పగలగొట్టుకోవచ్చు. కాకపోతే అద్దం పగలగొట్టి చెయ్యి పెట్టి లాక్కుపోయేవాడికి ఉండేది కొన్ని సెకన్లే. ఆ కొద్దిసేపట్లో వాడి కంటికి ఏమీ కనపడకూడదు, కనపడినా లాగితే రాకూడదు. ఈ రెండు పనులూ ఈ పెట్టె చేస్తుంది, అంతకుమించి ఆశించకండి.

కొనేముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కేబుల్ పెట్టెకి తగిలే కొక్కెం బయట వేలాడుతుందా, మూత వేశాక లోపల ఇరుక్కుంటుందా అన్నది మొదట చూడండి, లోపల ఇరుక్కునేదే మంచిది, బయటదాన్ని స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించొచ్చు. తాళం సంగతికొస్తే మూడు అంకెల చక్రాలున్నవి నాకు నచ్చలేదు. మొత్తం 1000 కాంబినేషన్లే, పైగా నాసిరకం వాటిలో మీటని కొంచెం నొక్కిపట్టి చక్రం తిప్పితే సరైన అంకె దగ్గర వేలికి తేడా తెలిసిపోతుంది. చీకట్లో వంగి అంకెలు చూసుకోవడం ఇంకో నరకం. వేలిముద్రతో తెరుచుకునేవి షోకుగానే ఉంటాయి, బ్యాటరీ అయిపోయిన రోజు తెలుస్తుంది. మామూలు తాళం చెవిది తీసుకున్నాను, సుఖంగా ఉన్నాను. లోపల స్పాంజి లేకపోతే గతుకుల్లో కారంతా లొడలొడ మోత, ఆ స్పాంజి విడిగా కొని అయినా వేసుకోండి. బటన్‌తో కదిలే సీటైతే కింద వైర్లుంటాయి, కేబుల్ వాటిని ఒరుసుకోకుండా చుట్టాలి. ఎయిర్‌బ్యాగు వైర్లు కూడా అక్కడే వెళ్తుంటాయి కాబట్టి అనుమానంగా ఉంటే మెకానిక్‌ చేత పెట్టించుకోండి. డ్రైవరు సీటు కింద పెడితే మాత్రం పెట్టె ముందుకి జారి పెడల్ కిందకి రాకుండా కేబుల్ బిగువుగా ఉండాలి, నేనైతే పక్క సీటు కిందే పెట్టాను. పవర్ బ్యాంకు లాంటివి ఎండలో అందులో వదిలేయకండి, మూసిన కారులో ఉక్కు పెట్టె బాగా వేడెక్కుతుంది.

ఈ పెట్టెని వాడే పద్ధతి కూడా చెప్పాలి. కారు ఆపాక, దిగే ముందు, నలుగురూ చూస్తుండగా సామాను తీసి పెట్టెలోనో డిక్కీలోనో పెట్టడం అంటే అక్కడ నిఘా వేసినవాడికి మనమే చిరునామా ఇచ్చినట్టు. బయలుదేరే చోటే అన్నీ పెట్టేసి, దిగే చోట చేతులూపుకుంటూ దిగిపోవాలి. డిక్కీ సంగతి కూడా ఒకటి గమనించండి, చాలా కార్లలో లోపలి బటన్ నొక్కితేనో, వెనక సీటు మడిస్తేనో డిక్కీలోకి దారి దొరుకుతుంది. అంటే అద్దం పగిలితే డిక్కీ కూడా తెరుచుకున్నట్టే.

పైసా ఖర్చు లేనిది ఒకటుంది, కారు సెట్టింగులు. బండి కదలగానే డోర్లు వాటంతటవే లాక్ అయ్యేలా చాలా కార్లలో పెట్టుకోవచ్చు. దీనికి తోడుగా ఇంకో సెట్టింగు ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: గేరు పార్కింగ్‌లో వేయగానే, లేదా ఇంజిను ఆపగానే నాలుగు డోర్లూ తెరుచుకునేది. ఎవరికోసమో రోడ్డు పక్కన ఆగి ఫోను చూసుకుంటున్నప్పుడు మీ వెనక డోరు తాళం లేకుండా ఉంటుందన్నమాట. దాన్ని ఆపేయండి. రిమోట్ ఒకసారి నొక్కితే డ్రైవరు డోరు మాత్రమే, రెండుసార్లు నొక్కితే మిగతావి తెరుచుకునేలా మార్చుకోండి. బంకులో మీరు ఒక పక్క పెట్రోలు పోయించుకుంటుంటే రెండో పక్క నుంచి వంగి వచ్చి డోరు తీసి బ్యాగు పట్టుకుపోయే దొంగతనానికి ఇంతకంటే మందు లేదు. అక్కడ దిగేటప్పుడు కీ జేబులో వేసుకుని లాక్ చేసుకోవడం రెండు క్షణాల పని. ఇవి మార్చడానికి కారుతో వచ్చిన పుస్తకం తిరగేయాలి, కొన్ని కార్లలో స్క్రీన్‌లో ఉండవు, ఏవో రెండు బటన్లు కలిపి నొక్కిపట్టాలి.

కీ సంచి విషయానికొద్దాం. బటన్ నొక్కకుండా, కీ జేబులో ఉంటే చాలు తెరుచుకునే కార్లకి మాత్రమే దీనితో పని. మామూలు రిమోట్ వాడేవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. ఆ కారు హ్యాండిల్ పట్టుకోగానే తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌తో కీని పలకరిస్తుంది, కీ జవాబిస్తే తెరుచుకుంటుంది. ఇద్దరు దొంగలు, ఒకడు కారు దగ్గర, ఒకడు మీ దగ్గర నిలబడి, ఈ పలకరింపునీ జవాబునీ చేతిలోని పరికరాలతో అటూఇటూ మోస్తే కారుకి మీరే పక్కన నిలబడ్డారనిపిస్తుంది. జర్మనీ మోటారిస్టుల సంఘం ఎ.డి.ఎ.సి. 2016లోనే రకరకాల కంపెనీల కార్లు 20కి పైగా తీసుకుని ఇలా తెరిచి చూపించింది. ఆ తర్వాత కొన్ని కంపెనీలు కాసేపు కదలకపోతే నిద్రపోయే కీలు తెచ్చాయి, ఇంకొన్ని కీ ఎంత దూరంలో ఉందో లెక్కకట్టే అల్ట్రా వైడ్ బ్యాండ్ అనే రేడియో పద్ధతికి మారాయి. మీ కీ అలాంటిదైతే సంచి అంత అత్యవసరం కాదు. నిద్రపోయే కీ కూడా మీరు నడుస్తున్నంతసేపూ మేలుకునే ఉంటుంది, అది మర్చిపోకండి.

సంచి లోపల లోహపు పొర ఉన్న బట్ట ఉంటుంది, అది సిగ్నల్‌ని బయటికి పోనివ్వదు, లోపలికి రానివ్వదు. పరీక్ష తేలిక. కీని సంచిలో వేసి, మూత సరిగ్గా మడిచి, కారు దగ్గరికి వెళ్లి హ్యాండిల్ లాగండి. తెరుచుకుంటే తిరిగి పంపేయండి. నేను తెప్పించినవాటిలో చవకది మొదట్లో బాగానే పనిచేసింది, కొన్ని నెలలకి మడత దగ్గర లోపలి పొర చిట్లిపోయి కారు హాయిగా తెరుచుకుంది, పైకి చూస్తే సంచి కొత్తదానిలాగే ఉంది. అందుకని రెండు పొరలున్నది, గట్టి కుట్టుతో ఉన్నది తీసుకుని అప్పుడప్పుడు పరీక్షిస్తూ ఉండాలి. నడుపుతున్నప్పుడు మాత్రం కీని సంచిలో పెట్టకండి, కీ కనపడటం లేదని కారు గోల పెడుతుంది, ఇంజిను ఒకసారి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. దిగి షాపులోకో ఆఫీసులోకో వెళ్లేటప్పుడు వేసుకోవాల్సిన సంచి ఇది.

లాక్ చేసే సిగ్నల్‌ని అడ్డుకునే దొంగలు వేరే ఉన్నారు. మీరు బటన్ నొక్కుతారు, దగ్గర్లోని జామర్ దాన్ని కారుదాకా చేరనివ్వదు, మీరు లాక్ అయిందనుకుని వెళ్లిపోతారు. దీనికి సంచి, పెట్టె ఏదీ పనికిరాదు, లాక్ పడ్డ చప్పుడు వినాలి, లైట్లు వెలిగాయో సైడ్ మిర్రర్లు ముడుచుకున్నాయో చూడాలి. హ్యాండిల్ లాగి చూడండి అని అందరూ చెబుతారు గానీ జేబులో బటన్ నొక్కక్కర్లేని స్మార్ట్ కీ ఉంటే మీరు లాగిన ప్రతిసారీ అది మర్యాదగా తెరుచుకుంటుంది, కాబట్టి ఆ సలహా పాత కార్లకే.

స్టీరింగ్ లాక్ మీద చాలామందికి చిన్నచూపు ఉంది, పాతకాలపు వస్తువు అని. నిజానికి దాని బలహీనత లాక్‌లో కాదు, స్టీరింగ్ చక్రంలో ఉంది. లాక్ ఎంత గట్టిదైనా చక్రాన్ని రంపంతో కోస్తే ఊడొస్తుంది. అందుకే ఒక కడ్డీలా ఉండేదాని కంటే చక్రం మొత్తాన్ని కప్పే పళ్లెంలాంటిది మెరుగు. ఇది కదిలే కారులో మీ బ్యాగుని కాపాడదు, కారుని మాత్రమే కాపాడుతుంది, అదీ దొంగకి పక్క కారు తేలిగ్గా కనిపిస్తే. అమెరికాలో ఇమ్మొబిలైజర్ (అసలు కీ లేకపోతే ఇంజిను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) లేకుండా అమ్మిన హ్యుందాయ్, కియా కార్లని ఎత్తుకుపోయే వీడియోలు 2022లో తెగ తిరిగినప్పుడు ఆ కంపెనీలే పోలీసుల ద్వారా స్టీరింగ్ లాకులు ఉచితంగా పంచాయి. మీది ఇమ్మొబిలైజర్ లేని పాత కారైతే కళ్లు మూసుకుని కొనండి. నాది దుమ్ము పట్టి డిక్కీలో ఉంది, రాత్రి బయట నిలపాల్సి వస్తేనే తీస్తాను.

ట్రాకర్లూ డ్యాష్‌క్యాములూ దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగిన చందం, అంటే దొంగతనాన్ని ఆపవు, తర్వాత సాక్ష్యం చెబుతాయి. అయినా ట్రాకర్ ఉంచుకున్నాను. మెకానిక్ కారుని పరీక్షించే పరికరం తగిలించే ఓబీడీ పోర్టులో గుచ్చేది వద్దు, ఎక్కడుంటుందో దొంగకి మనకంటే బాగా తెలుసు, పీకి కిటికీలోంచి పారేస్తాడు. బ్యాటరీకి వైరు కలిపి, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద దాచేది తీసుకోండి, ఇనుము కింద పెడితే జీపీఎస్ అందదు. బ్యాగులో వేసుకునే బ్లూటూత్ బిళ్లలు, ఎయిర్‌ట్యాగ్ లాంటివి, చుట్టుపక్కల జనం ఫోన్ల మీద ఆధారపడతాయి, జనం లేని రోడ్డులో మూగబోతాయి. పైగా ఎవరినీ రహస్యంగా వెంబడించకూడదని, తెలియని బిళ్ల వెంట వస్తోందని ఫోనే హెచ్చరించే ఏర్పాటుంది, 2024 నుంచి ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ ఒకదాని పద్ధతి బిళ్లల్ని ఇంకొకటి పసిగడుతున్నాయి. మంచి ఏర్పాటే, కాకపోతే దొంగకి కూడా తెలిసిపోతుంది. ఇక ఫోను మ్యాప్‌లో చుక్క కదులుతోంది కదా అని మీరే వెంటపడి వెళ్లకండి, ఆ చుక్కని పోలీసులకి చూపించండి.

డ్యాష్‌క్యామ్ ప్రమాదాల గొడవల్లో ఉపయోగపడింది తప్ప దొంగల విషయంలో నాకు పెద్దగా అక్కరకి రాలేదు. ఎండ ఎక్కువ తగిలే కారైతే లిథియం బ్యాటరీది కాకుండా, బ్యాటరీ బదులు వేడిని బాగా తట్టుకునే సూపర్ కెపాసిటర్ ఉన్నది చూడండి.

ఏ వస్తువూ పనిచేయని సందర్భం ఒకటుంది, ఆయుధం చూపించి దిగమనడం. అప్పుడు పెట్టె, ట్రాకర్, లాక్ అన్నీ మర్చిపోయి దిగిపోవాలి, వెనక సీట్లో పిల్లలుంటే ఆ మాట గట్టిగా చెప్పి వాళ్లని దించుకోవాలి. వెనక నుంచి ఎవరైనా మెల్లగా గుద్దినా, మీ టైరులో గాలి పోయిందని పక్క బండివాడు సైగ చేసినా, నిర్మానుష్యంగా ఉంటే అక్కడ ఆగకుండా మనుషులున్న చోటుదాకా నెమ్మదిగా పోనిచ్చి అప్పుడు చూసుకోండి. సిగ్నల్ దగ్గర ముందు కారు వెనక టైర్లు రోడ్డుని తాకే చోటు కనిపించేంత ఖాళీ వదిలితే రివర్సు అవసరం లేకుండా పక్కకి తిప్పుకుని పోవచ్చు. ఇలాంటివి అమ్ముడుపోవు కాబట్టి ఎవరూ ప్రకటనలివ్వరు. ఇంకొకటి, మ్యాప్‌లో 'ఇల్లు' అని అసలు ఇంటిని కాకుండా దగ్గర్లోని ఏదో కూడలిని పెట్టుకోండి. కారుతోపాటు ఇంటి తాళాలు కూడా పోతే దొంగకి దారి మనమే చూపించకుండా ఉంటాం.

మిగిలింది అద్దాల ఫిల్మ్. పక్క అద్దాలు సాధారణంగా టెంపర్డ్ రకం, ఒక్క దెబ్బకి చిన్న చిన్న ముక్కలుగా రాలిపోతాయి. ఈ ఫిల్మ్ వేస్తే అద్దం పగులుతుంది గానీ ముక్కలు రాలకుండా అతుక్కునే ఉంటాయి, చెయ్యి పెట్టాలంటే ఇంకో నాలుగు దెబ్బలు వేయాలి, ఈలోపు పచ్చ సిగ్నల్ పడుతుంది. రంగు లేని ఫిల్మ్‌లోనూ ఈ గుణం ఉంటుంది, రంగుదైతే మీ దగ్గర చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుందో చూసుకోండి. దీనికో ఇబ్బంది ఉంది. దొంగకి అడ్డమైన అద్దం ప్రమాదంలో మనకీ అడ్డమే. కారు నీళ్లలో పడితేనో డోర్లు ఇరుక్కుపోతేనో అద్దం పగలగొట్టి బయటపడటం కష్టమవుతుంది. ఫ్యాక్టరీ నుంచే లామినేటెడ్ (రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న) అద్దాలతో వచ్చే కార్లలోనూ ఇదే సమస్య. అమెరికా మోటారిస్టుల సంఘం ఎ.ఎ.ఎ. 2019లో అద్దం పగలగొట్టే పరికరాలు 6 పరీక్షిస్తే, 4 టెంపర్డ్ అద్దాన్ని పగలగొట్టాయి, లామినేటెడ్ అద్దాన్ని ఒక్కటీ పగలగొట్టలేకపోయింది. మీ అద్దం ఏ రకమో దాని మూలలో అచ్చు వేసి ఉంటుంది, చూసుకోండి. నేను వెనక డోర్ల అద్దాలకి మాత్రమే ఫిల్మ్ వేయించి, ముందు రెండూ ఉన్నవి ఉన్నట్టు వదిలేశాను, బెల్టు కోసే బ్లేడున్న చిన్న సుత్తిని డ్రైవరు డోరు జేబులో పెట్టాను, గ్లవ్ బాక్సులో కాదు, కారు తలకిందులైతే అక్కడిదాకా చెయ్యి అందకపోవచ్చు.