బైక్‌లో కారు ఆయిల్ పోస్తే ఏమవుతుందో నా డబ్బులతో తెలుసుకున్నా

షాపు రివ్యూ కంటే ముందు, అక్కడికి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చెప్పాలి. మా ఇంటి దగ్గరి మెకానిక్ "లేటెస్ట్ ఆయిల్ సార్, ఎస్‌పీ గ్రేడు, కార్లకి పోసేది" అని గొప్పగా చెప్పి నా బైక్‌లో పోశాడు. నేనూ మురిసిపోయా. వారం తిరక్కుండా సింహాచలం కొండ ఎక్కుతుంటే ఇంజిన్ మోత ఆకాశానికి, బండి మాత్రం ఉన్నచోటే. క్లచ్ జారుతోంది.

అప్పుడు వెళ్లింది ఈ ఆయిల్ షాపుకి. ఓనర్ ఏ డబ్బా కావాలని అడగలేదు, ఏం బండి అని అడిగాడు. తర్వాత డబ్బా వెనక్కి తిప్పి చూపించాడు. ముందు వైపు రేసింగ్ బొమ్మలు, "జపాన్ టెక్నాలజీ" లాంటివన్నీ హడావుడే, అసలు సంగతి వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఇచ్చే ఆయిల్ గ్రేడులో ఎస్ అంటే పెట్రోలు ఇంజిన్, పక్కన అక్షరం ముందుకెళ్లేకొద్దీ కొత్తది: ఎస్‌ఎల్ 2001లో వస్తే, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో. మా మెకానిక్ అబద్ధం చెప్పలేదు, నాకు పోసింది అప్పటికి కొత్తదే. కాకపోతే కారు ఆయిల్ గుండ్రటి ముద్రలో కింద "రిసోర్స్ కన్జర్వింగ్" అని ఉంటే, మైలేజ్ కోసం జారుడు పెంచే మందు అందులో కలిపి ఉండొచ్చని అర్థం. కారు క్లచ్ బయట పొడిగా ఉంటుంది కాబట్టి దానికేం కాదు, మన గేర్ల బండి క్లచ్ ప్లేట్లు మాత్రం అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, ఇంక పట్టు ఎక్కడిది?

అందుకే చూడాల్సింది జాసో ముద్ర, అంటే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ పేరుతో ఉండే గుర్తు. గేర్ల బైక్‌కి ఎంఏ, లేదా ఇంకా పట్టున్న ఎంఏ2. ఎంబీ గేర్లు లేని స్కూటర్లకి. ఆ ముద్ర కూడా కంపెనీ తన పూచీ మీద వేసుకునేదేనట, జపాన్ వాళ్లు ప్రతి డబ్బానీ పరీక్షించి ఇచ్చేది కాదు, కాబట్టి పేరున్న కంపెనీది తీసుకోవడమే నయం. 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 అనేవి చిక్కదనం, నాణ్యత కాదు. అది బండి మాన్యువల్లో ఏముంటే అదే.

పాత ఆయిల్ తీయించి ఎంఏ2 పోయించాక నాలుగు రోజులకి క్లచ్ దారికొచ్చింది. షాపుకి నాలుగు స్టార్లు, ఒకటి తగ్గించింది ఎందుకంటే అడిగితే గానీ బిల్లు ఇవ్వడు.