తప్పు కమిట్ పడితే రివర్ట్ మేలా, రీసెట్ మేలా?

గిట్ అంటే కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రని దాచే సాధనం, కమిట్ అంటే ఆ చరిత్రలో చేర్చిన ఒక మార్పు. గిట్‌లో తప్పు కమిట్ పడిందని తెలియగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది రీసెట్. తప్పు ఆనవాలే లేకుండా పోతుందన్న ఆశ. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: ఆ కమిట్ పుష్ అయిందా, అంటే టీమంతా వాడే సర్వర్‌కి వెళ్లిందా, లేదా?

పుష్ కాలేదంటే అది మీ ల్యాప్‌టాప్ దాటలేదు, రీసెట్ హాయిగా వాడొచ్చు. అది బ్రాంచిని (మీ పని సాగే కమిట్ల వరుసని) వెనకటి కమిట్ దగ్గరికి జరుపుతుంది, అంతే. సాఫ్ట్ అని చెబితే మార్పులు స్టేజింగ్‌లోనే, అంటే తర్వాతి కమిట్‌కి సిద్ధం చేసి పెట్టే చోటే, ఉంటాయి. ఏమీ చెప్పకపోతే మిక్స్‌డ్ అవుతుంది: మార్పులు స్టేజింగ్‌లోంచి బయటికొస్తాయి కానీ ఫైళ్లలో మీరు రాసింది ఎక్కడికీ పోదు. హార్డ్ ఒక్కదానితోనే భయం. కమిట్ చేయని మార్పులు కూడా ఊడ్చుకుపోతాయి, వాటిని రీఫ్లాగ్ (బ్రాంచి ఏ కమిట్ నుంచి ఏ కమిట్‌కి జరిగిందో గిట్ రాసుకునే చిట్టా) కూడా తెచ్చివ్వలేదు. హార్డ్ కొట్టే ముందు ఏమేం మార్పులున్నాయో స్టేటస్‌లో చూడండి, అనుమానముంటే స్టాష్ చేయండి, అంటే వాటిని పక్కన దాచండి. ఇక కమిట్ మెసేజ్‌లో అక్షరం తప్పు పడితే రీసెట్ దాకా వెళ్లక్కర్లేదు, చివరి కమిట్‌ని సరిదిద్దే అమెండ్ చాలు.

పుష్ అయిపోయిందా? అప్పుడు రివర్టే. పాత కమిట్‌ని ముట్టుకోకుండా, దానికి సరిగ్గా వ్యతిరేకమైన మార్పుతో ఇంకో కమిట్ వేస్తుంది. చరిత్రలో తప్పూ ఉంటుంది, దిద్దుబాటూ ఉంటుంది. ఇది నామోషీ అనుకునేవాళ్లు ఉన్నారు. ఆరు నెలల తర్వాత ఆ కోడ్ చదివేవాళ్లకి మాత్రం 'ఈ దారి ఒకసారి ప్రయత్నించి వెనక్కొచ్చారు' అని తెలియడం ఎంత మేలో!

మా టీమ్‌లో ఒక శుక్రవారం సాయంత్రం జరిగింది చెబుతాను. ఒకతను మెయిన్ బ్రాంచిని మూడు కమిట్లు వెనక్కి హార్డ్ రీసెట్ చేసి ఫోర్స్ పుష్ కొట్టాడు, అంటే సర్వర్‌లో ఉన్నదాని మీద తనదే బలవంతంగా పెట్టాడు. పోగొట్టాలనుకున్నది తన కమిట్ ఒక్కటే. పైనున్న మిగతా రెండూ వేరే ఇద్దరివి. లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ని మొదలుపెట్టినప్పుడే ప్రతి ఒక్కరి దగ్గరా పూర్తి చరిత్ర ఉండేలా కట్టారు కాబట్టి బతికిపోయాం. వాళ్లలో ఒకమ్మాయి ఇంకా పుల్ చేయలేదు (సర్వర్‌లోది తన దగ్గరికి తెచ్చుకోలేదు), తన కమిట్ తన దగ్గర భద్రంగా ఉంది. రెండో అతను అప్పటికే సర్వర్‌లో ఉన్నదానికి తన బ్రాంచిని రీసెట్ చేసేసుకున్నాడు. ముఖంలో టెన్షన్. రీఫ్లాగ్ తెరిచాం. వరుసకో ఏడక్షరాల హ్యాష్ (కమిట్‌ని గుర్తుపట్టే కోడ్), పక్కన ఏం చేశాడో: రీసెట్, కమిట్, పుల్. పైనుంచి రెండో వరుసలో పోయిందనుకున్న కమిట్ కనిపించింది. ఆ హ్యాష్ మీద కొత్త బ్రాంచి పెట్టగానే పనంతా తిరిగొచ్చింది. మొదట్లోనే రివర్ట్ కొట్టి ఉంటే ఇదంతా రెండు నిమిషాల పని.

రీఫ్లాగ్ ఉంది కదా అని ధీమా వద్దు. అది మీ మెషీన్‌లో జరిగినదాన్నే గుర్తుపెట్టుకుంటుంది. ఏ బ్రాంచికీ అందని కమిట్ల లెక్క మామూలుగా 30 రోజులే ఉంచుతుంది.

రివర్ట్‌కీ చిక్కులున్నాయి. మెర్జ్ కమిట్‌ని (రెండు బ్రాంచిలని కలిపినదాన్ని) రివర్ట్ చేసేటప్పుడు ఏ పేరెంట్‌ని, అంటే దాని ముందున్న ఏ కమిట్‌ని, అసలు దారిగా తీసుకోవాలో మీరే చెప్పాలి. ఆ తర్వాత అదే బ్రాంచిని మళ్లీ మెర్జ్ చేస్తే పాత మార్పులు రావు, అవి ఎప్పుడో కలిసిపోయాయనే గిట్ లెక్క. ఆ రివర్ట్‌నే రివర్ట్ చేయాలి. మొదటిసారి నాకిది తెలియక ఒక పూటంతా పోయింది. పాస్‌వర్డ్ కమిట్ అయిపోతే రివర్ట్ పనికిరాదు, పాత కమిట్‌లో అది చదవడానికి దొరుకుతూనే ఉంటుంది. పుష్ అయ్యాక రీసెట్ కూడా కాపాడదు. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చేయాలి.

మధ్యలో ఒకటి మిగిలింది: పుష్ అయింది, కానీ నేనొక్కడినే పనిచేస్తున్న ఫీచర్ బ్రాంచి. అక్కడ నేను రీసెట్టే వాడతాను, ఉత్త ఫోర్స్‌తో కాదు, ఫోర్స్ విత్ లీజ్‌తో. నేను చూడని కమిట్ సర్వర్‌లో ఉంటే అది పుష్‌ని ఆపేస్తుంది. అయితే ఎడిటర్ తనంతట తాను ఫెచ్ చేస్తుంటే (సర్వర్‌లో కొత్తగా ఉన్నది తెచ్చుకుంటుంటే) ఆ కాపలా వీగిపోతుంది. అందుకే ఎంటర్ కొట్టే ముందు టీమ్ గ్రూపులో ఒక మెసేజ్ పెడతాను: "ఈ బ్రాంచి ఎవరైనా పుల్ చేశారా?"