బీదర్‌లో కొన్న బిద్రీ డబ్బా: ఒక స్టారు మూత వల్ల పోయింది

ఝరణీ నరసింహస్వామి గుహలో నీళ్లలో నడిచి దర్శనం చేసుకుని, తడిబట్టలు మార్చుకుని, పాత ఊళ్లో చౌబారా అనే పాత కావలి బురుజు వైపు వెళ్లాం. బిద్రీ అంటే నల్లటి లోహం మీద వెండి పొదిగే బీదర్ పనితనం. ఆ వస్తువు ఒకటి కొనాలని నాకు పంతం. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో తెచ్చిన ఫ్లవర్ వేజ్ మీది వెండి పువ్వులు ఏడాది తిరక్కుండానే గోరు తగిలితే పొట్టులా లేచాయి. వెండి కాదు, పెయింటు!

అందుకే ఈసారి పని జరిగేచోటే కొన్నాం. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో పని. మైలుతుత్తం నీళ్లు పూసి నల్లగా చేసిన డబ్బా మూతను మైనం పూసిన రాయి మీద బిగించుకుని కూర్చున్నారు ఒక పెద్దాయన. సూదిమొనతో గీస్తుంటే నలుపు మీద తెల్లటి తీగలు పాకుతున్నాయి. ముందు కాగితమూ లేదు, అచ్చూ లేదు. తర్వాత ఉలి అందుకున్నారు. ఒక్క ఆకు చుట్టూ గాడి తీసేసరికి నా చాయ్ చల్లారిపోయింది. ఆ గాడిలో సన్నటి వెండి తీగ పెట్టి చిన్న సుత్తితో కొట్టారు.

"జిగురు పెట్టరా?" అన్నాను.

"గాడి సరిగ్గా పడితే జిగురెందుకమ్మా!" అన్నారు నవ్వుతూ.

డబ్బా పోత 16 పాళ్ల జింకు, 1 పాలు రాగి. చివర్లో కోటలోని పాత మట్టిని నవాసారంతో మరిగించి పట్టిస్తే జింకు కాటుకలా నల్లబడుతుందట, వెండి మాత్రం అలాగే మెరుస్తుందట. మట్టి మంచిదో కాదో నాలుక మీద వేసుకుని చూస్తారని చెబితే మావారు నమ్మలేదు.

అరచేతిలో పట్టే డబ్బాకు 3,200 అయింది. బేరం ఆడాను, వంద తగ్గించారు. ఆ ఆకు చూశాక ఇంకా అడగడానికి నోరు రాలేదు. మీరు కొనేటప్పుడు వేలితో తడిమి చూడండి: వెండి, నలుపు ఒకే మట్టంలో ఉండాలి. పీతాంబరితో మాత్రం తోమకండి, నలుపు పోతుంది. చుక్క కొబ్బరినూనెతో తుడిస్తే చాలు.

మూత బిగుతు. ఒంటిచేత్తో రాదు. ప్యాకింగంటే పాత పేపర్లే, దారంతా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. నాలుగు స్టార్లు.

ఉంగరాలు పెట్టుకుందామని కొన్నాను. ఇంటికొచ్చి స్నానం చేసి వచ్చేలోపు మా అత్తగారు అందులో వక్కపొడి పోసేసుకున్నారు.