సెర్చ్ కన్సోల్‌తో రెండున్నరేళ్లు: ఒక ఇత్తడి సామాను దుకాణం అనుభవం

గూగుల్ సెర్చ్ కన్సోల్ అంటే, మన సైటు గూగుల్ వెతుకులాటలో ఎలా కనిపిస్తోందో సైటు యజమానులకు చూపించే గూగుల్ సాధనం. ఆ మొత్తంలో నాకు అన్నింటికంటే విలువైనది ఒక్క పట్టిక. మన వెబ్‌సైటు గూగుల్ ఫలితాల్లో కనిపించినప్పుడు, అవతలివారు ఏ మాటలు టైపు చేసి వెతికారో ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టుగా చూపించే పట్టిక అది. సైటును అందులో ఎలా చేర్చాలో, సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) ఎలా సమర్పించాలో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి కనుక వాటి జోలికి వెళ్లను. రెండున్నరేళ్లుగా ప్రతి సోమవారం మధ్యాహ్నం, దుకాణంలో బేరాలు పలచబడిన వేళ, నేను ఆ పట్టిక ముందు కూర్చుంటున్నాను.

నరసన్నపేటలో మా మామగారికి నలభై ఏళ్లుగా ఇత్తడి, కంచు సామాను దుకాణం ఉంది. సరుకులో ఎక్కువ భాగం సరవకోట మండలంలోని బుడితి నుంచి వస్తుంది; భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం అది. సైటు పెట్టేటప్పుడు ఏడాదికి 10,000 రూపాయలకు మించి ఖర్చు చేయకూడదని ఇంట్లో అనుకున్నాం. డొమైనుకూ హోస్టింగుకూ 4,200 పోగా మిగిలిన దానిలో 5,000 రూపాయలను మొదటి ఏడాదే వృథా చేశాను. మూడు నెలల్లో మొదటి పేజీలోకి తెస్తామన్న ఒక సంస్థకు ఆ సొమ్ము కట్టాను. వాళ్లు చేసిందల్లా 200 చోట్ల నుంచి మా సైటుకు లింకులు పెట్టించడం. సెర్చ్ కన్సోల్‌లోని లింకుల నివేదిక తెరిచి ఆ సైట్లను ఒక్కొక్కటే చూస్తే, ఇత్తడికి గానీ తెలుగుకు గానీ సంబంధించినది ఒక్కటీ కనిపించలేదు. ఫలితాల్లో పైకి రావడానికి డబ్బిచ్చి లింకులు కొనడం గూగుల్ నిబంధనలకే విరుద్ధమని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ 5,000 తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నా అదృష్టం మారింది ఐదో నెలలో. అప్పటికి సైటులో ఉన్నవి 40 వస్తువుల పేజీలు: చెంబులు, బిందెలు, గుండిగలు, కంచు కంచాలు. గూగుల్ నుంచి రోజుకు ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. ఒక సోమవారం ఆ పట్టికను క్లిక్కుల వరసలో కాక ఇంప్రెషన్ల వరసలో, అంటే మనం ఎక్కువసార్లు కనిపించిన మాటలు పైకి వచ్చేలా అమర్చి చూశాను. మూడో వరసలో ‘ఇత్తడి గిన్నెకు కళాయి’ అని ఉంది. మూడు నెలల్లో ఆ మాటకు మా సైటు 212 సార్లు కనిపించింది. ఫలితాల వరసలో మా సగటు స్థానం 38. క్లిక్కు ఒక్కటీ లేదు. దాని కిందే ‘కళాయి లేని ఇత్తడి గిన్నెలో వండవచ్చా’, ఇంకొంచెం కింద ‘కళాయి పోతే ఎలా తెలుస్తుంది’ అన్న ప్రశ్నలు ఉన్నాయి. కళాయి గురించి, అంటే గిన్నె లోపల వేసే తగరపు పూత గురించి, నేను పేజీ రాయనే లేదు. ఒక గుండిగ వర్ణనలో ‘కళాయి పెట్టించి ఇస్తాము’ అన్న ఒక్క వాక్యం తప్ప సైటు మొత్తంలో ఆ మాటే లేదు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని గూగుల్ మమ్మల్ని 38వ స్థానంలో నిలబెట్టిందంటే, ఆ ప్రశ్నకు తెలుగులో సరైన జవాబు రాసినవారు దాదాపు లేరన్న మాట. దుకాణం గుమ్మం దగ్గర నిలబడి ఎవరో అడుగుతున్న ప్రశ్న ఇన్నాళ్లూ నా చెవిన పడలేదని అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రమే మామగారిని కూర్చోబెట్టి అడిగాను. “పులుపు తగిల్తే ఇత్తడి చిలుమెక్కుతాదమ్మా, పులుసు నోట పెట్టలేం” అంటూ మొదలుపెట్టి ఆయన గంటసేపు చెప్పారు. ఇత్తడిలో ఉండేవి రాగి, జింకు; చింతపండు, పెరుగు, నిమ్మరసం వంటివి తగిలితే అవి వంటలోకి దిగుతాయి. అందుకే గిన్నెను వేడి చేసి, నవాసారం అనే లవణంతో శుభ్రపరిచి, లోపలి వైపు తగరం పూస్తారు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది కనుక కళాయి పెట్టిన గిన్నెను ఖాళీగా పొయ్యి మీద ఉంచకూడదు. ఇనుప పీచుతో తోమకూడదు. లోపల తెలుపు పోయి పసుపు బయటపడితే మళ్లీ పెట్టించుకోవాలి. ఇవన్నీ, కళాయి వేసే ఆయన పని చేస్తుండగా ఫోనుతో తీసిన 6 ఫొటోలతో కలిపి, సుమారు 900 మాటల పేజీగా రాశాను. శీర్షికకు నా సొంత కల్పన ఏదీ చేయకుండా పట్టికలో జనం అడిగిన మాటనే పెట్టాను. గుండిగల పేజీలన్నింటి నుంచీ దానికి లింకు ఇచ్చాను. మా సైటుకు వచ్చేవారిలో పదింట తొమ్మిది మంది ఫోనులోనే చూస్తారని సెర్చ్ కన్సోలే చూపించింది కనుక ఒక్కో ఫొటోను 100 కిలోబైట్ల లోపుకు కుదించాను.

మూడు వారాలు ఏమీ కదలలేదు. ఏడో వారానికి సగటు స్థానం 38 నుంచి 6కు వచ్చింది. మూడో నెలలో ఆ ఒక్క పేజీకే రోజుకు 40 మంది దాకా వచ్చారు. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి: పలాస నుంచి, పార్వతీపురం నుంచి, బెంగళూరులో స్థిరపడిన ఒక ఆమె నుంచి కూడా. వాళ్లెవరూ కొత్త సామాను అడగలేదు. అత్తగారి కాలం నాటి గుండిగకు కళాయి ఎక్కడ పెడతారని అడిగారు. మామగారు ఆలోచించి, కళాయి వేసే ఆయనకు మా దుకాణం ముందు నెలకు రెండు రోజులు చోటు ఇచ్చారు. పని దొరక్క కొన్నేళ్లుగా కూలికి వెళ్తున్న మనిషికి ఆ రెండు రోజులూ చేతినిండా పని ఉండటం నేను కళ్లారా చూశాను. వెబ్‌సైటు నాకు ఇచ్చిన సంతోషాల్లో ఇదే పెద్దది.

అప్పటినుంచి నేను ఏ పేజీ రాసినా ముందు ఆ పట్టికను చూసే రాస్తున్నాను. అందులో మరో సదుపాయం రెజెక్స్ వడపోత. ఒకే మాటను జనం రాసే రూపాలన్నింటినీ నడుమ నిలువు గీతలు పెట్టి ఇస్తే అన్నింటి లెక్కా ఒకచోట చేరుతుంది. తెలుగువారికి ఇది మరీ అవసరం. ‘ఇత్తడి’ని ఆంగ్ల అక్షరాల్లో ఒక ‘టి’తో రాసేవారు, రెండు ‘టి’లతో రాసేవారు, ‘హెచ్’ చేర్చి రాసేవారు ఉన్నారు. కంచును ‘బెల్ మెటల్’ అనేవారు, ‘బ్రాంజ్’ అనేవారు, హిందీ నుంచి తెచ్చుకున్న ‘కాంసా’ అనేవారు కూడా ఉన్నారు.

రోజుకు 40 మంది అన్న లెక్కను మాత్రం ఇప్పుడు అప్పటిలా చదవడం లేదు. రెండో ఏడాది కళాయి పేజీ ఇంప్రెషన్లు ఒక్కసారిగా నాలుగు రెట్లయ్యాయి. వారం రోజులు పొంగిపోయాను. తీరా ప్రశ్నలు ఒక్కొక్కటే చదివితే, వాటిలో సగానికి పైగా వేపుళ్లకు మూకుడు కొనాలని వెతికేవారివి. కళాయి అంటే తగరపు పూత మాత్రమే కాదు, బాండీ కూడా కదా! వాళ్లకు మా పేజీతో పని లేదు. పైగా కళాయి పేజీ మనుషులను తెచ్చినంతగా ఆర్డర్లు తేలేదు. ఆర్డర్లు తెచ్చింది ‘సారెకు ఇత్తడి సామాను’ అన్న ప్రశ్న చూసి రాసిన చిన్న జాబితా పేజీ. దానికి రోజుకు ఎనిమిది మంది కూడా రారు, కానీ నిరుడు మాఘమాసపు పెళ్లిళ్ల ముందు వచ్చిన ఆర్డర్లలో ఎక్కువ భాగం దాని ద్వారానే వచ్చాయి. ఆ సంగతి సెర్చ్ కన్సోల్ చెప్పింది కాదు; సైటు దాకా ఎవరు వచ్చారన్నదే దాని పరిధి. ఫోను చేసిన ప్రతివారినీ మా దుకాణం ఎలా తెలిసిందని అడిగి నేనే పుస్తకంలో రాసుకుంటున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవారు ఇంకో రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. మరీ తక్కువ మంది అడిగే ప్రశ్నలను గోప్యత కోసం పట్టికలో చూపించరు. మొత్తం క్లిక్కుల లెక్కలో మాత్రం కలుపుతారు. అందువల్ల పట్టికలోని వరసలన్నీ కూడినా పైన ఉన్న మొత్తానికి సరిపోదు. రెండోది, అంకెలు 16 నెలల వరకే నిలవ ఉంటాయి. మొదటి దసరా అంకెలను దించుకుని దాచుకోవాలన్న ఆలోచన నాకు రాకపోవడం వల్ల మూడో దసరాతో పోల్చుకోవడానికి ఇప్పుడు అవి లేవు. ఈ మధ్య నెలకోసారి స్ప్రెడ్‌షీట్‌గా దించుకుంటున్నాను.

నా మటుకు నేను ఈ సాధనాన్ని వదులుకోను. అయితే నాకు కలిసి వచ్చిన పరిస్థితులు అందరికీ ఉండవు. జనానికి సందేహాలున్న సరుకు మాది. ఆ సందేహాలు తీర్చగలిగిన పెద్దాయన ఇంట్లోనే ఉన్నారు. తెలుగులో ఆ జవాబులు రాసినవారు తక్కువ. నెలలు గడిచినా ఫలితం కోసం ఆగగలిగాం, ఎందుకంటే ఇల్లు గడిచేది దుకాణంతోనే గానీ సైటుతో కాదు. ఫోను కవర్లో, రెడీమేడ్ దుస్తులో అమ్మేవారు ఇదే పని చేస్తే ఎంతవరకు ఫలిస్తుందో నేను పూచీ పడలేను. మొన్న సోమవారం పట్టికలో ‘కంచు కంచంలో పెరుగన్నం తినవచ్చా’ అన్న ప్రశ్న 61 ఇంప్రెషన్లతో కనిపించింది. మామగారు బుడితి వెళ్లారు. ఆయన తిరిగి రాగానే ఆ పేజీ మొదలుపెడతాను.